ఊగుతది అన్న మాట

ఆ సాయంత్రం మా పడమటి వసారాలో ఉన్నవాళ్లు: అమ్మ, మేనత్త, వదిన, నేను. ఉన్న వస్తువులు: ఒక రాట్నం, నూలు చిలపలు వేసిన గంప, చుట్టిన కండెలకు ఒక తట్ట, నీళ్ల చెంబు, అమ్మ ముందర కందిపప్పు చాట. అన్న లోపల మగ్గం గుంతలో ఉన్నాడు. మనిషి కనబడడు గాని మగ్గం చప్పుడు వినబడుతున్నది. ఎండ కూడా ఉంది. వేసవి ఎండ పొద్దుగూకే ముందు వసారా గుంజల మధ్య నుంచి అడ్డంగా లోపలికి వచ్చేది. దాన్ని కూడా ఈ జాబితాలో చేర్చాలని అప్పటికి నాకు తెలియదు.

వదిన ఎండకెదురుగా కూర్చొని రాట్నం తిప్పుతున్నది. చిలపలో ఉన్న నూలును కండెకు చుట్టాలి, ఆ కండెను నాడెలో పెట్టి అన్న నేస్తాడు. మేనత్త ఎవరింట్లోనో పెండ్లిలో పప్పు మాడిన సంగతి చెబుతుంటే వదిన నవ్వుతున్నది. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. చేయి ఆగింది. మొహం ఎండవైపే ఉంది, రెప్ప వాలడం లేదు. మెడ మెల్లగా ఒక పక్కకు తిరిగింది. మరుక్షణం మనిషి వెనక్కి పడి కాళ్లు చేతులు కొట్టుకోసాగింది.

మేనత్త నడుముకున్న తాళాల గుత్తి తీసి వదిన గుప్పిట్లో కుక్కి పట్టుకున్నది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మా వైపు అందరికీ తెలుసు. అమ్మ చాట కింద పడేసి తల ఒళ్లో పెట్టుకున్నది. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. అన్న గుంతలోంచి లేచి గడపలో నిలబడ్డాడు, ఇవతలికి రాలేదు.

కొంతసేపటికి వదిన కళ్లు తెరిచి మా అందరి మొహాలు చూసింది. అడిగిన మొదటి మాట: "పోగు తెగిందా అత్తమ్మా?"

తెగింది. అమ్మ తెగలేదని చెప్పింది.

అప్పటికి పెండ్లయి ఆరు నెలలు కాలేదు. వదినది నల్గొండ వైపు, హాలియా దాటి ఇంకా లోపలికి పోవాలి. వాళ్ల నాయిన కూడా మగ్గం మనిషే. కొల్లాపూర్‌లో మా వాడకు ఆ వైపు నుంచి పిల్లను తేవడం అరుదు, అంత దూరం సంబంధం ఎందుకని మేనత్త మొదటే అన్నది. మేనత్త బాపుకు అక్క. మూడిండ్ల అవతల ఒక్కతే ఉండేది, వదిన ఆమెను పెద్దత్తమ్మ అని పిలిచేది. బాపు పోయిన తర్వాత ఆమె మాట లేకుండా మా ఇంట్లో ఏదీ కదలలేదు. నేను మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్‌లో కరెంటు పని చదువుకుంటున్నాను, సెలవులకు ఇంటికి వచ్చాను. వదిన పడడం నేను చూసింది అదే మొదటిసారి. అంతకుముందు రెండుసార్లు పడిందని ఆ సాయంత్రమే తెలిసింది.

"ఇది దాపుడు రోగం," అన్నది మేనత్త, వదిన లోపలికి పోయాక. "తెలిసే మన మెడకు గట్టిండ్రు."

"ఆ తండ్రి మొహం జూస్తె గట్ల అనిపియ్యలే," అన్నది అమ్మ.

"మొహం జూసే గదా నువ్వు మోసపోయింది. సాలింట్ల పుట్టి, పోగు పట్టి జూడకుండ బట్ట తెచ్చినవు. నేను కబురు పెడ్త. వాళ్ల బిడ్డను వాళ్లు తోల్కపోతరు. పిలగానికి ఇంకో సంబంధం జూద్దం."

వదిన తలుపు వెనకనే ఉంది. చీర అంచు కనబడుతున్నది. అన్న మళ్లీ గుంతలోకి దిగాడు గాని చాలాసేపు చప్పుడు రాలేదు.

నేను ఆ రోజు నుంచి అందరినీ ఒకటే అడగడం మొదలుపెట్టాను. ఎక్కడ పడింది? ఎప్పుడు? ఏం చేస్తుండగా? జవాబులన్నీ ఒకచోటికే వచ్చాయి. బావి దగ్గర పడలేదు, పొయ్యి దగ్గర పడలేదు, గుడికి పోయినప్పుడు పడలేదు. మూడుసార్లూ రాట్నం దగ్గరే, మూడుసార్లూ పొద్దు దిగేటప్పుడే.

పాలిటెక్నిక్ ప్రయోగశాలలో మాకు ఒక దీపం ఉండేది. అది కన్నుమూసి తెరిచేలోపు ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంది. మోటారు ఎంత వేగంగా తిరుగుతున్నదో దానితో కొలుస్తాం. దీపం వేగం, మోటారు వేగం సరిపోతే తిరుగుతున్న చక్రం నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు నా పక్కన ఉన్న అబ్బాయి తల తిరుగుతున్నదని బయటికి పోయాడు. మేం నవ్వుకున్నాం. తర్వాత పఠనాలయంలో ఒక ఇంగ్లీషు విజ్ఞాన పత్రిక కనబడితే ఆ దీపం బొమ్మ చూసి చదివాను. సగమే అర్థమైంది. ఆ సగం ఇది: మెదడులో సన్నని కరెంటు అలలు ఎప్పుడూ నడుస్తుంటాయి. తల మీద తీగలు అంటించి, వాటిని పెద్దవి చేసి కాగితం మీద గీయించవచ్చు. మనిషి కళ్లు మూసుకొని ఊరికే ఉంటే అవి సెకనుకు పది దాకా ఉంటాయి. కళ్ల ముందర దీపం వెలిగించి ఆర్పుతూ పోతే ఆ అలలు దీపం వెంట పడతాయి. చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం ఒకానొక వేగం దగ్గర, సెకనుకు పదిహేను ఇరవై మధ్య, అలలు చేయి దాటి పెరిగి మనిషి పడిపోతాడు. దీని మీద వైద్యులు, కరెంటు వాళ్లు, లెక్కలవాళ్లు కలిసి పనిచేస్తున్నారట. ఆ గీతల్లోంచి అలలను విడదీసి లెక్కగట్టే యంత్రాలు కూడా తయారవుతున్నాయట. ఒక ప్రయోగంలో దీపాన్ని మనిషి మెదడుకే కట్టారు. అల లేచినప్పుడు దీపం వెలుగుతుంది, దీపం వెలిగితే అల లేస్తుంది.

వదిన రాట్నం దగ్గర కూర్చొని చక్రాన్ని చూశాను. బండిచక్రానికి ఉన్నట్టే రాట్నానికీ ఆకులుంటాయి, రెండు వరసలుగా. ఒక వరస సందుల్లో ఇంకో వరస పడుతుంది. మొత్తం పదహారు. నూలు సాఫీగా పడాలంటే సుమారు సెకనుకు ఒక చుట్టు తిప్పాలి. అంటే ఎండ ఆమె కళ్ల మీద సెకనుకు పదహారుసార్లు వెలిగి ఆరుతున్నది. తిప్పే చేయి ఆమెదే, చూసే కళ్లూ ఆమెవే. నూలు మంచిగా పడేటట్టు చేయి కుదురుకున్నప్పుడే వేగం ఆ జాగాకు చేరుతుంది. పని తెలియని మనిషి అయితే ఎప్పటికీ పడేది కాదు.

ఇది తెలిసిన రాత్రి నాకు సంతోషం ఆగలేదు. పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

మేనత్త పూర్తిగా విన్నది. తర్వాత అడిగింది: "తలకాయల కరెంటున్నదంటవు."

"ఉన్నది అత్తా. అందరికుంటది."

"మన వాడకే ఇంక కరెంటు రాలె. కంబాలు పాతి ఆడనే ఇడిసిపెట్టిండ్రు. ఈ పిల్ల తలకాయలకు ఎవడు తెచ్చిచ్చిండు అల్లుడా?"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నది. అన్న కూడా నవ్వాడు. నేను కోపం తెచ్చుకోలేదు, వేరే విధంగా చెప్పాలనుకున్నాను. పత్రికలో ఉన్న ఇంగ్లీషు మాటకు మా వాచకాల్లో కంపనం అని ఉంటుంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉయ్యాల గుర్తొచ్చింది. ఉయ్యాలను సరైన సమయానికి మెల్లగా తోస్తూ పోతే, చిన్న చిన్న తోపులకే అది ఎత్తుకు పోతుంది. వేళ తప్పి ఎంత గట్టిగా తోసినా పోదు. లెక్క అంతా ఇందులోనే ఉంది. అందుకని చెప్పాను: "ఎండ పొద్దు దిగేటప్పుడు ఎదురుంగ ఉండాలె. రాట్నం నడుమ ఉండాలె. ఒక తీరు వేగంతోని తిప్పాలె. ఈ మూడు కలిస్తె ఆ వెలుగు తోసి తోసి లోపల ఊగుతది. ఆ ఊపు ఒళ్లంతకు వచ్చి పడిపోతది."

మేనత్త నవ్వు ఆగిపోయింది. "ఊగుతదా?" అన్నది.

"ఊగుతది."

"గా మూలకు గూసుంటెనే ఊగుతదా?"

"గాడనే. వేరే జాగాల ఏం గాదు."

మేనత్త అమ్మ వైపు చూసింది, అమ్మ ఆమె వైపు చూసింది. నా మాట ఎక్కిందనుకున్నాను. మా వైపు ఒంటి మీదికి అమ్మవారు రావడాన్ని శిగం ఊగడం అంటారు. ఊగుతది అంటే చాలు, ఎవరు ఊగించారో వేరే చెప్పనక్కరలేదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. నేను పుట్టి పెరిగిన వాడలోని మాట అది. కాని ఆ పొద్దున నా తలలో ఉయ్యాల తప్ప ఇంకొకటి లేదు.

"అయితె జూపెట్టు," అన్నది మేనత్త చివరికి. "ఇయ్యాల పొద్దు దిగంగ."

"చూపెట్టను," అన్నాను. "పడితె తలకు దెబ్బ తగులుతది. అది పరీక్ష గాదు."

తలుపు వెనక నుంచి వదిన అన్నది: "నేను తిప్పుత. మా ఇంట్ల రాట్నం ఎండకు లేకుండె. మా నాయిన ఏం దాపెట్టలేదని తెలుస్తది గద."

ఆమె పెద్దల మధ్య మాట్లాడడం నేను విన్నది అదే మొదలు. నేను ఒప్పుకోలేదు. ఉల్టా పరీక్ష చేద్దామన్నాను. రాట్నాన్ని తూర్పు గోడకు మార్చి, ఎండ వీపుకు పడేటట్టు పెట్టాను. పడకపోతే నా మాట నిజం. సెలవులు అయిపోయేదాకా వదిన ఒక్కసారి కూడా పడలేదు. మేనత్త కబురు పెట్టే మాట ఎత్తలేదు. నేను మహబూబ్‌నగర్ బస్సెక్కేటప్పుడు వదిన దారిలో తినమని రొట్టెలు కట్టి ఇచ్చింది. పాలిటెక్నిక్ పరీక్షల్లో కూడా నాకు అంత నమ్మకం ఎప్పుడూ కలగలేదు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు రాట్నం మళ్లీ పడమటి మూలకే ఉంది. దాని గుంజలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. చక్రం మీద వేపరెమ్మ కట్టారు. వసారా నిండా ఆడవాళ్లు. బతుకమ్మకు వచ్చిన చుట్టాలు కూడా వాళ్లలో ఉన్నారు. మేనత్త నన్ను చూసి చేయి ఊపింది.

"రా అల్లుడా, మంచి యాళ్లకొచ్చినవు." తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "గీ పిలగాడే మొదట కనిపెట్టిండు," అన్నది. "పట్నం సదువు. పొద్దు దిగాలె, ఎదురుంగ గూసోవాలె, ఒక్క తీరున తిప్పాలె, అప్పుడు ఊగుతదని జెప్పిండు. మనకు తెలువక ఫిట్స్ అనుకుంటిమి. తల్లి మా ఇంట్ల మూలకు వచ్చి గూసుంటె, పిల్లను పుట్టింటికి తోల్తమంటిమి!" అని చెంపలు వేసుకున్నది.

వదిన కొత్త చీరలో వచ్చి కూర్చున్నది. నా వైపు చూడలేదు. ఎండ గుంజల మధ్యకు వచ్చేదాకా అందరూ ఆగారు. లోపల మగ్గం ఆడుతూనే ఉంది, మామూలు కంటే గట్టిగా.

"జర బిరాన తిప్పు బిడ్డా," అన్నది మేనత్త. కొంచెం ఆగి, "గంత బిరాన గాదు," అన్నది. ఆమెకు ఆ వేగం ఇప్పుడు నా లెక్క కంటే బాగా తెలుసు.

వదిన పడిన తర్వాత, ఇంకా పూర్తిగా తెలివి రాకముందు, "నీళ్లు... నీళ్లు..." అని గొణిగింది. ముందు వరసలో కూర్చున్న ఒకామె కొడుకుకు పని దొరుకుతుందా అని అడిగింది. మేనత్త ఆ గొణుగుడుకు చెవి పెట్టి, "నీళ్ల కాడ దొరుకుతదట," అన్నది. "సాగర్ కట్ట పనికి తోలు." అడిగినామె లేచి వదిన కాళ్లకు మొక్కింది. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. నేను చెంబు తీసుకొని పోతే, అమ్మవారు ఊగినప్పుడు మొగపిల్లలు దగ్గరికి రావద్దని పక్కకు జరిపారు.

మరునాడు పొద్దున వదిన పెరట్లో నూలు ఉతుకుతున్నది. మాట ముద్దగా వస్తున్నది. నాలుక పక్కకు కొరుక్కున్నది, రొట్టె నమలలేక జావలాంటి జొన్న గటక తింటున్నదని అమ్మ చెప్పింది.

"ఎన్ని దినాల సంది?" అని వదినను అడిగాను.

"నువ్వు పోయినంక జర రోజులకే. మంగళారం, శుక్కురారం."

"నీకు తెలుసు గదా వదినా అది ఎండ అని."

"తెలుసు." చిలప పిండి దండెం మీద వేసింది. "నువ్వు జెప్పిన దినమే తెలిసింది. తూర్పు గోడకు గూసుంటె నాకేం గాలె గద."

"మరెందుకు కూర్చుంటున్నవు?"

ఆమె చేతులు తుడుచుకొని నా మొహం చూసింది. "నువ్వు జెప్పింది రోగం, మరిదీ. మంచిగ జెప్పినవు, కాని రోగమే జెప్పినవు. రోగమైతె నన్ను బస్సెక్కిస్తరు. మా నాయిన ఇంట్ల ఇంక ఇద్దరున్నరు పెండ్లికి. ఫిట్స్ పిల్లను ఎల్లగొట్టిండ్రంటె వాళ్ల గతి ఏంది? గీడనైతే పెద్దత్తమ్మ నా కాళ్లు కడుగుతున్నది. నవ్వొస్తది గాని నవ్వ."

"అన్న ఏమంటడు?"

"ఏమంటడు? గుంతల దిగి నేస్తడు."

నాకు తోచిన పని నేను చేశాను. శుక్రవారం నాడు ఎవరూ రాకముందే పడమటి వైపు గుంజలకు అడ్డంగా ఒక గోనెపట్టా కట్టాను. వెలుగు లేకపోతే ఏమీ కాదు, మూలకు మహిమ లేదని వాళ్లకే తెలుస్తుంది. ఆడవాళ్లు వచ్చారు. వదిన కూర్చొని తిప్పింది. రెండు కండెలు నిండాయి. ఏమీ కాలేదు. మేనత్త కొంతసేపు చూసి, "పరదా అడ్డమున్నది, తల్లి ఎట్లొస్తది?" అన్నది. ఆ పట్టా కట్టింది ఎవరో అందరికీ తెలుసు. తీయమని ఎవరూ చెప్పలేదు.

వదినే లేచింది. వేళ్లతో ముడి విప్పి, పట్టాను చుట్టి పక్కన పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నది. ఎండ ఆమె మొహం మీద పడింది. చక్రం తిరిగింది. నేను గడపలో నిలబడి ఆ నీడలు ఆమె చెంప మీద పరుగెత్తడం చూశాను. ఆపడానికి ఒక చేయి చాపితే చాలు. ఆపితే ఏమవుతుందో ఆమె నాకు పెరట్లో చెప్పింది. ఆపకపోతే ఏమవుతుందో పత్రిక చెప్పింది. రెండూ నిజమే. రెండింటిలో ఏది పెద్దదో తేల్చుకునేలోపు ఆమె పడింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. పొద్దు కనబడలేదు, ఆడవాళ్లు రాలేదు. నాకు నిమ్మళంగా ఉంది. రెండో రోజు పొద్దున వదిన పొయ్యి ముందర జొన్నరొట్టె చేస్తున్నది. నేను గడప ఇవతల కూర్చొని తింటున్నాను. ఎండ లేదు. రాట్నం లేదు. తిప్పడం లేదు. ఆమె రొట్టె తిప్పేస్తూ ఆగింది. మెడ తిరిగింది. కుడి చేయి కాలుతున్న పెంక మీదే ఉండిపోయింది. నేను లేచి లాగేలోపు అరచేయి కాలిపోయింది.

నా లెక్కలో ఈ పడడం లేదు. నేను చెప్పిన మూడింటిలో ఒక్కటీ లేకుండా వచ్చింది. వాసన ఇంటినిండా పరుచుకున్నది, అమ్మ ఆకు పసరు కోసం పరుగెత్తింది, నేను మాత్రం ఎక్కడ తప్పిందా అని పొయ్యి వెలుగు, కిటికీ సందు చూస్తున్నాను. ఎక్కడా తప్పలేదు. కారణం అనుకున్నది ఒక కారణం మాత్రమే.

అన్న ఆ రోజు గుంతలో దిగలేదు. బస్సుకు టయిం అడిగాడు. కబురు తెలిసి మేనత్త వచ్చింది.

"అమ్మవారిని దవాఖానకు తోల్కపోతవారా? సూది పొడిపిస్తవా తల్లికి?"

"చెయ్యి కాలింది తల్లిదా, నా పెండ్లాందా?" అన్నాడు అన్న.

"ఆడ రోగమని రాసిస్తరు. రాసిస్తె రోగం పిల్లను ఇంట్ల పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట."

మేనత్త అమ్మ వైపు తిరిగింది. అమ్మ వదిన చేతికి గుడ్డ చుడుతూ తల ఎత్తలేదు. "నాకు తెలువదు," అన్నది. "వాని పెండ్లాం." మేనత్త రాట్నం మీద ఉన్న వేపరెమ్మను విప్పి కొంగులో కట్టుకొని పోయింది.

నాగర్‌కర్నూల్ మీదుగా మహబూబ్‌నగర్ బస్సు. దారి పొడుగునా వాన. వదిన కిటికీ పక్కన కూర్చుంటే, చెట్ల సందుల్లో వెలుగు పడుతుందేమోనని నేను ఆమెను ఇటువైపు జరగమన్నాను. మబ్బుల్లో ఆ అవసరం లేదు, అయినా జరిగింది.

దవాఖానలో డాక్టరు పెద్దాయన. ముందు చేతికి కట్టు కట్టించాడు. తర్వాత నేను చెప్పిందంతా, పదహారు ఆకుల దాకా, మధ్యలో ఆపకుండా విన్నాడు. వెలుగుతో వచ్చే ఫిట్స్ గురించి తానూ చదివానని, తల మీద తీగలు పెట్టి గీయించే యంత్రం ఇక్కడ లేదని, దూరం పోవాలని చెప్పాడు. "నువ్వు పట్టుకున్నది సరైనదే," అన్నాడు. "కాని వెలుగు ఒక తలుపు. తలుపు మూస్తే లోపల ఉన్నది పోతుందని కాదు. వెలుగుతో వచ్చేవాళ్లలో కొందరికి వెలుగు లేకుండా కూడా వస్తుంది. ఇన్నిసార్లు పడనియ్యడం మంచిది కాదు. ఎవరు పడనిచ్చారు?"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి వదినే, "నేనే సారూ," అన్నది.

గోలీలు రాసిచ్చాడు. రోజూ వేసుకోవాలి, ఒక్క రోజు తప్పకూడదు, బాగయిందని మధ్యలో ఆపకూడదు. పొయ్యి దగ్గర, బావి దగ్గర ఒంటరిగా ఉండకూడదు.

తర్వాత జరిగింది ఇక్కడే చెబుతాను. పడడం తగ్గింది, పూర్తిగా పోలేదు. అరచేతి కాలిన చోట చర్మం బిగుసుకొని వేళ్లు పూర్తిగా చాపలేకపోయింది, కండెలు చుట్టడం ఎడమచేత్తో నేర్చుకున్నది. ఆ చలికాలం వాడలో పిల్లలకు జ్వరాలు వస్తే, మేం తల్లి నోరు కట్టేశామని అన్నవాళ్లున్నారు. మేనత్త ఆ మాట అనలేదు, కాదని కూడా అనలేదు. ఆమె చాలా నెలలు మా గడప తొక్కలేదు. మా వాడకు కరెంటు వచ్చింది. తీగలు లాగిన జట్టులో నేను కూడా ఉన్నాను. మొదటి బల్బు వెలిగించే ముందు అది మినుకుమనకుండా ఉంటుందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

ఆ రోజు మాత్రం దవాఖానలో గోలీల కిటికీ ముందర వరస పొడుగ్గా ఉంది. అన్న ముందర, అతని వెనక వదిన, ఆమె వెనక నేను. వదిన కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో మోస్తూ నిలబడ్డది.

"గోలీలు తింటె బందయితదటనా?" అని అడిగింది అన్న వీపును.

"అయితదన్నడు గద."

"బందయితె ఇంక నేను ఉత్త కోడల్నే గద."

అన్న వెనక్కి తిరిగాడు. ఇన్ని నెలల్లో వాళ్లిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. "ఉత్త కోడలివే ఉండు," అన్నాడు. "నేనేమన్న దేవున్నా? ఉత్త సాలోన్ని."

"పెద్దత్తమ్మ తోల్కపొమ్మంటది మా నాయినను."

"అననీ."

"మీ అమ్మ?"

"అననీ. నువ్వు పోతవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వరస కదిలింది. అన్న పక్కకు జరిగి ఆమెను ముందుకు రమ్మన్నాడు, చీటీ ఆమె చేతికే ఇచ్చాడు. కిటికీ లోపలి కాంపౌండరు చీటీ తిప్పి చూసి విసుక్కున్నాడు.

"ఉమర్ రాయలేదు. ఎంత వయసు?"

వదిన అన్న వైపు చూసింది. అన్నకు తెలియదు.

"చెప్పమ్మా, వెనక జనం ఉన్నరు."

"రజాకార్ల జమానాల మా అమ్మ నన్ను సంకలేసుకొని జొన్నచేన్ల దాక్కున్నదట," అన్నది వదిన. "అప్పుడు నేను నడుస్త లేనట."

"అది నాకెందుకు? వయసు చెప్పు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను వేళ్ల మీద లెక్కగట్టి కిటికీలోకి చెప్పాను.

పదిహేడు.